పాత లాప్‌టాప్‌ని బ్యాకప్‌కి పెట్టేముందు

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీ డెస్క్‌టాప్, మీ నాన్న డెస్క్‌టాప్ రెండింటికీ ఆ మూలన పడున్న లాప్‌టాప్‌లో బ్యాకప్ పెడదామనుకుంటున్నానని రాశావు. మంచి పనే. దానికి కరెంటు పెద్దగా అక్కర్లేదు, చప్పుడు ఉండదు, కరెంటు పోయినా కాసేపు బ్యాటరీ మీద నిలబడుతుంది. కాకపోతే నువ్వు అడిగిందంతా ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యాలనే. అది తర్వాత సంగతి. ముందు ఆ లాప్‌టాప్‌ని చదునైన బల్ల మీద పెట్టి చూడు.

ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచి క్లిక్ సరిగా పడట్లేదా? అడుగు మూత అంచు దగ్గర సందు కనిపిస్తోందా? ఈ మూడింట్లో ఏది ఉన్నా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అలాంటిదాన్ని రాత్రింబవళ్లు ఛార్జర్‌కి తగిలించి ఉంచితే నిప్పుతో చెలగాటం. నువ్వు స్క్రూడ్రైవర్ పట్టుకోకు, తెలిసినవాళ్లతో తీయించెయ్. చాలా లాప్‌టాప్‌లు బ్యాటరీ లేకపోయినా అడాప్టర్ మీద నడుస్తాయి. బ్యాటరీ బాగానే ఉంటే ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టు. ఆ ఆప్షన్ బయోస్‌లోనో (లాప్‌టాప్ ఆన్ చేస్తూనే తెరుచుకునే సెట్టింగ్స్), కంపెనీవాళ్లిచ్చిన ప్రోగ్రామ్‌లోనో చాలావాటికి ఉంటుంది.

తర్వాత డిస్క్. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని డిస్క్ ఆరోగ్యం చెప్పే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, అది వేసి చూడు. హార్డ్ డిస్క్ అయితే అందులో రీఎలోకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అని రెండు వరుసలుంటాయి, డిస్క్‌లో పాడైన, పాడయ్యేలా ఉన్న చోట్ల లెక్క అది. ఆ రెండింటికీ చివరి కాలమ్‌లో అన్నీ సున్నాలే ఉండాలి. ఇంకేదైనా అంకె కనిపిస్తే ఆ డిస్క్‌ని నమ్మకు, యూఎస్‌బీ డిస్క్ ఒకటి తగిలించి దాంట్లోకి కాపీ చేయించు. రెండు కంప్యూటర్లలో ఉన్న డేటా మొత్తానికి కనీసం రెండింతలు జాగా ఉంటే ఇబ్బంది పడవు.

దాంట్లో విండోస్ 10 ఉంటే, మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది. చెరిపేసి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది వేసెయ్, పాత యంత్రం మీద తేలిగ్గా నడుస్తుంది. ఏది వేసినా ఇక ఆ లాప్‌టాప్‌లో బ్రౌజింగ్, సినిమాలు బంద్. మూత వేసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్ మార్చు. కీబోర్డ్ సందుల్లోంచి వేడి వదిలే రకమైతే మూత పూర్తిగా వెయ్యకు.

వైఫై మీద మొదటి బ్యాకప్ పెట్టకు, విసుగొచ్చి వదిలేస్తావు. కేబుల్ వెయ్యి. వేసినా రౌటర్ పోర్ట్‌లు 100 మెగాబిట్‌వే అయితే సెకనుకు దాదాపు 11 మెగాబైట్లు వెళ్తాయి, అంటే 500 జీబీకి 12 గంటల పైమాటే. గిగాబిట్ అయితే గంటన్నర, రెండు గంటల్లో తేలిపోవచ్చు. చిన్న చిన్న ఫైళ్లు వేలకొద్దీ ఉంటే ఇంకాస్త పడుతుంది. మొదటిసారి తర్వాత మారినవే వెళ్తాయి కాబట్టి అప్పుడు వైఫై అయినా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ చేసేదేంటంటే, లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి, డెస్క్‌టాప్‌లో దాన్ని జెడ్ డ్రైవ్‌గా పెట్టుకుని అందులో కాపీ చేస్తారు. రేపు డెస్క్‌టాప్‌లో రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్ దూరిందనుకో, సీ డ్రైవ్‌తో పాటు జెడ్‌కీ తాళం వేస్తుంది. మీ నాన్న పొరపాటున జెడ్‌లో ఏదైనా డిలీట్ చేసినా అంతే. రెండు చోట్లా ఒకేలా ఉంచే సింక్ ప్రోగ్రామ్‌లతోనూ ఇదే గొడవ, ఇక్కడ పోతే అక్కడా పోతుంది. విండోస్‌లో కాపీ చేసే రోబోకాపీ కమాండ్ మిర్రర్ ఆప్షన్ కూడా ఆ తంతే. అందుకని దారి తిప్పు. డెస్క్‌టాప్ పంపడం కాదు, లాప్‌టాప్ వచ్చి తీసుకెళ్లాలి. రెండు డెస్క్‌టాప్‌లలోనూ బ్యాకప్ కోసం ఒక యూజర్‌ని సృష్టించి, మీ ఫోల్డర్లు చదివే హక్కు మాత్రమే ఇవ్వు. లాప్‌టాప్‌లో రాసే హక్కు డెస్క్‌టాప్‌లకి అసలు ఉండకూడదు, దాని పాస్‌వర్డ్ కూడా వాటిలో సేవ్ చెయ్యకు.

ఈ పనికి బ్యాకప్‌పీసీ అనే ప్రోగ్రామ్ నాకు నచ్చుతుంది. లినక్స్ మీద నడుస్తుంది, విండోస్ షేర్ల నుంచి తనే లాక్కుంటుంది, రెండు కంప్యూటర్లలో ఒకే ఫోటో ఉంటే ఒక్కసారే దాస్తుంది, పాత వెర్షన్లు ఉంచుతుంది. వారం రోజుల రోజువారీ కాపీలు, నెల రోజుల వారపు కాపీలు, ఆరు నెలల నెలవారీ కాపీలు ఉంటే మీ ఇంటికి చాలు.

రాత్రి రెండింటికి టైమ్ పెట్టకు, ఆ వేళ డెస్క్‌టాప్‌లు ఆపేసి ఉంటాయి. మీరు భోజనాలకి లేచే వేళ పెట్టు. అవుట్‌లుక్ తెరిచి ఉంటే మెయిళ్లు దాచే దాని పీఎస్‌టీ ఫైల్ లాక్ అయి కాపీ కాదు, మూసి లెమ్మని నాన్నకి చెప్పు. ఇంకొకటి, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైల్ పక్కన మబ్బు బొమ్మ కనిపిస్తే ఆ ఫైల్ నీ డిస్క్‌లో లేనట్టే, పేరు మాత్రమే ఉంది. రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమనే ఆప్షన్ పెడితేనే బ్యాకప్‌లోకి వస్తుంది. ఫోటోలు అలా మబ్బుల్లోనే ఉండిపోతే లాప్‌టాప్ పాపం ఏం చేస్తుంది?

అంతా అయ్యాక, ఒక ఫోటోల ఫోల్డర్‌ని, ఒక పెద్ద వీడియోని వేరే చోటికి రీస్టోర్ చేసి తెరిచి చూడు. ఇది చెయ్యకుండా బ్యాకప్ అయిందని నాకు ఫోన్ చెయ్యకు.

ఆ లాప్‌టాప్ కూడా అదే ఇంట్లో, అదే కరెంటు లైన్ మీద ఉంటుందని మర్చిపోకు. పిడుగు పడినా, దొంగలు పడినా మూడూ కలిసే పోతాయి. నెలకోసారి దాంట్లోది ఒక యూఎస్‌బీ డిస్క్‌లోకి పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కించి, ఇటొచ్చినప్పుడు మా ఇంట్లో పెట్టేసి పో. పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి మీ ఇంట్లోనే ఉంచు, డిస్క్‌తో పాటు అదే కవర్‌లో పెట్టి నా చేతికివ్వకు.

ఇట్లు,
పెదనాన్న