గుండె జబ్బుకీ క్యాన్సర్‌కీ లోపల ఏమైనా లింకు ఉందా?

"నాన్నకి స్టెంట్ వేశాక క్యాన్సర్ బయటపడింది, ఇది కాకతాళీయమేనా?" అని అడిగారు. కాదనే నా నమ్మకం.

మా మావయ్య గుంటూరు వైపు పొగాకు రైతు. పండించేదీ అదే, కాల్చేదీ అదే. గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక చుట్ట మానేశాడు. ఏడాది తిరక్కుండానే దగ్గితే రక్తం పడింది. స్కాన్‌లో ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) చెయ్యాలంటే రక్తం పల్చబడే బిళ్లలు ఆపాలన్నారు కింది అంతస్తు క్యాన్సర్ డాక్టరు. ఆపితే స్టెంట్ మూసుకుపోతుంది, కుదరదన్నారు పై అంతస్తు గుండె డాక్టరు. ఇద్దరిదీ నిజమే, ఇద్దరూ "ఆయన్నే అడగండి" అన్నవాళ్లే. అత్తయ్య రెండు ఫైళ్లు చంకన పెట్టుకుని లిఫ్ట్ దగ్గరే పొద్దు పుచ్చింది. రెండు చోట్లా ఓపీ ఫీజు మాత్రం వేరువేరుగా కట్టించుకున్నారు. చివరికి ఒక నర్సు ఇద్దరికీ ఫోన్ కలిపితే అయిదు నిమిషాల్లో తేలిపోయింది: ఆస్పిరిన్ ఉంచి, క్లోపిడోగ్రెల్ అయిదు రోజులు ఆపాలని.

పొగ, షుగరు, లావు అంటూ అందరూ చెప్పేవి ఎలాగూ ఉన్నాయి. నా దృష్టిలో అసలు దోషి ఒంట్లో ఆరకుండా రగిలే ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, మంట. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ (రక్తపరీక్షలో ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే గుర్తు) ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా జనం మీద కానకినుమాబ్ అనే ఇంజెక్షన్ పరీక్షించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. అది కొలెస్ట్రాల్‌ని ముట్టుకోదు, ఇన్‌ఫ్లమేషన్‌ని రగిలించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ని అడ్డుకుంటుంది, అంతే. గుండెపోట్లు తగ్గాయి. ఎక్కువ డోసు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు కూడా బాగా తగ్గాయి. తర్వాత అదే మందుని ఆ క్యాన్సర్ ఉన్నవాళ్లకే చికిత్సగా ఇస్తే ఆశించినంత పనిచెయ్యలేదు. క్యాన్సర్ వచ్చాక ఇస్తే ఏం లాభం అంటాను నేను.

ఇంకోటి. డెబ్భై దాటినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి రక్తం తయారుచేసే మూలకణాల్లో టెట్2 లాంటి జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఆ ఒక్క మార్పే బ్లడ్ క్యాన్సర్ ముప్పునీ పెంచుతుంది, గుండెపోటు ముప్పునీ పెంచుతుంది. ఒంట్లో కలిసే ఉన్న ఈ రెంటినీ వేరు చేసింది ఆసుపత్రి అంతస్తులే.

మీ నాన్నగారికి కీమో అంటే ముందు ఎకో (గుండె స్కాన్) అడగండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు అయితే కిడ్నీల కోసం సెలైన్ బాగా ఎక్కిస్తారు, బలహీనపడ్డ గుండెకి ఆ నీరే భారం. మేం అడిగితే "గూగుల్ చూసి వచ్చారా?" అన్నారు డాక్టరు. "అవునండీ" అంది అత్తయ్య. ఎకో రాశారు.