కొత్త బాధ్యత తీసుకున్న మేనకోడలికి: సంస్థకు తెలిసినదాన్ని పనిలోకి తేవడం గురించి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జ్ఞాన నిర్వహణ (సంస్థలో ఉన్న తెలివిడిని భద్రపరచి అవసరమైనవారికి అందించే పని), సాంకేతిక అభివృద్ధి రెండింటినీ కలిపి నీకు అప్పగించారనీ, ఏడాది తిరిగేసరికి కొత్త ఉత్పత్తులు కనిపించాలని యాజమాన్యం ఆశిస్తోందనీ రాశావు. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎలాంటి మనుషులను తీసుకోవాలి అని అడిగావు. వాటికి జవాబు చెబుతాను. అయితే అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మీ సంస్థలో ఒకరికి తెలిసిన విషయం దాని అవసరం ఉన్న మరొకరికి ఇప్పుడు ఏ దారిన చేరుతోంది, ఎక్కడ ఆగిపోతోంది? కొత్త ఆలోచనలు పుట్టక దెబ్బతిన్న సంస్థలను నేను తక్కువగానే చూశాను. తమ దగ్గర ఉన్న తెలివిడి తమకే అందక దెబ్బతిన్నవి చాలా ఎక్కువ. కాబట్టి నీ పని అక్కడ మొదలుకావాలి.

మొదటి కొన్ని వారాలు నీ గదిలో కూర్చోకు. ప్రయోగశాలకు, ఉత్పత్తి విభాగానికి, సర్వీసు విభాగానికి వెళ్లి, పనిచేస్తున్నవారి పక్కన కూర్చో. "మీకు తెలిసినవి చెప్పండి" అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. "కిందటిసారి పని ఆగిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేశారు, ఎందుకు వారికే చేశారు?" అని అడుగు. ఇరవై ముప్ఫై మందిని అడిగాక ఒకటి రెండు పేర్లు పదేపదే వినిపిస్తాయి. వారు తరచుగా అధికారులై ఉండరు, సంస్థ నిర్మాణ పటంలో ఎక్కడో అడుగున ఉంటారు. వారి పదవీ విరమణ తేదీలు కూడా తెలుసుకుని రాసిపెట్టుకో.

ఈ విషయంలో జెరాక్స్ సంస్థ అనుభవాన్ని నువ్వు శ్రద్ధగా చదవాలి. 1980లలో ఆ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త, కాపీ యంత్రాలను బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగి వారి పనిని గమనించాడు. యంత్రం ఏ సంకేతం చూపితే ఏ భాగం మార్చాలో సంస్థ ఇచ్చిన పుస్తకాల్లో ఉంది. కానీ పుస్తకానికి లొంగని లోపాలు వచ్చినప్పుడు టెక్నీషియన్లు భోజనాల దగ్గరా, యంత్రం ముందరా ఒకరికొకరు చెప్పుకునే పాత కథలే వారిని గట్టెక్కించేవి. "ఇలాంటిదే ఫలానా చోట వచ్చింది, అక్కడ తప్పు ఇదీ" అంటూ సాగే ఆ మాటల్లోనే అసలు నైపుణ్యం ఉందని ఆయన గుర్తించాడు. ఆ అవగాహన మీదనే 1990లలో, మొదట ఫ్రాన్స్‌లో, యురేకా అనే వ్యవస్థను నిర్మించారు. ఒక టెక్నీషియన్ కొత్త కిటుకు కనిపెడితే లక్షణం, కారణం, పరిష్కారం క్లుప్తంగా రాసి పంపుతాడు. ఆ పనిలో ఆరితేరిన తోటివారు దాన్ని పరీక్షించి, సరిగా ఉంటే రాసినవారి పేరుతో సహా అందరికీ అందుబాటులో ఉంచుతారు. కిటుకులకు డబ్బు ఇద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు టెక్నీషియన్లే వద్దన్నారు. డబ్బు వస్తే లెక్క కోసం రాయడం మొదలవుతుందని వారికి తెలుసు. తోటివారి మధ్య పేరు నిలవడమే వారికి పెద్ద ప్రతిఫలం.

అందులోంచి నువ్వు తీసుకోవలసినవి నాకు స్పష్టంగా కనిపిస్తాయి. రాయవలసింది చిన్నదిగా ఉండాలి, పని మధ్యలో వాడుకునేలా ఉండాలి, ఆ పని తెలిసినవారు సరిచూడాలి, రాసినవారి పేరు చెరగకూడదు. "ప్రతి విభాగం నెలకు ఇన్ని పత్రాలు ఎక్కించాలి" అన్న ఉత్తర్వు మాత్రం ఎప్పుడూ ఇవ్వకు. అలాంటి ఉత్తర్వు వచ్చిన చోట పత్రాలు గుట్టలుగా పెరుగుతాయి, చదివేవారు ఉండరు. మంచి కిటుకు రాసినవాడు కూడా ఆ గుట్టలో తన రాత మునిగిపోవడం చూసి రాయడం మానేస్తాడు.

రాతకు అందని తెలివిడి గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది. అమెరికా అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థం ఒకటుంది. కొన్నేళ్లు తయారుచేసి ఆపేశారు, ఆ కర్మాగారాన్ని తీసేశారు, పనిచేసినవారు విరమించారు. పాత ఆయుధాలను పునరుద్ధరించడానికి 2000ల దశకంలో మళ్లీ దాని అవసరం పడినప్పుడు, ఉన్న కొద్దిపాటి రికార్డులతో తయారుచేస్తే పదార్థం సరిగా రాలేదు. దీర్ఘ పరిశోధన తరువాత తేలిందేమిటంటే, పాత రోజుల్లో ఒక ముడిసరుకులో కొంత మాలిన్యం ఉండేది, పదార్థపు గుణానికి అదే అవసరం. కొత్త శుద్ధి పద్ధతి ఆ మాలిన్యాన్ని తొలగించేస్తోంది. తొలిసారి తయారుచేసినవారికి కూడా ఆ సంగతి తెలియదు. ఒక పద్ధతి ఎందుకు పనిచేస్తోందో సంస్థకు తెలియకపోయినా అది ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, పరిస్థితి మారిన రోజున మాత్రం ఆగిపోతుంది. అందువల్ల విధానాలతో పాటు ముడిసరుకు ఎక్కడిది, యంత్రం ఏ స్థితిలో ఉంది, వాతావరణం ఎలా ఉంది అన్న వివరాలూ, విఫలమైన ప్రయత్నాల రికార్డులూ దాచి ఉంచు. విజయవంతమైన ప్రయోగాల నివేదికను ఎవరైనా దాస్తారు. కొత్త ఉత్పత్తి మీద పనిచేసే ఇంజనీరుకు, ఏ దారిన వెళ్లి ఎందుకు వెనక్కి వచ్చారో తెలిస్తే నెలల శ్రమ మిగులుతుంది.

విరమించబోయే నిపుణుడితో "అనుభవాలు రాసివ్వండి" అని చెప్పి ఊరుకోవద్దు. ఆయన రాసిచ్చేది అందరికీ తెలిసినదే అవుతుంది. ఆయన పక్కన ఒక యువ ఇంజనీరును కొన్ని నెలలు ఉంచు. ఆయన ఒక నిర్ణయం తీసుకున్న వెంటనే, "ఏమి చూసి అలా అనుకున్నారు? అది అలా లేకపోతే ఏమి చేసేవారు?" అని అడిగి రాసుకోమను. పంపు శబ్దం మారిందని ఆయన చేయి వాల్వు మీదికి వెళ్లినప్పుడు, ఆ శబ్దం ఎలా మారిందో అప్పటికప్పుడు వినిపించి చెప్పమనాలి. మరునాడు అడిగితే, "అదంతా అలవాటు మీద తెలుస్తుంది" అని మాత్రమే చెప్పగలడు.

ప్రాజెక్టు ముగిసిన ప్రతిసారీ సమీక్ష జరగాలి. అమెరికా సైన్యం 1970ల నుంచి శిక్షణలో వాడుతున్న పద్ధతి ఇందుకు సరిపోతుంది. ఏమి జరగాలనుకున్నాం, ఏమి జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, మళ్లీ చేసేటప్పుడు ఏమి మార్చాలి అన్నవే అందులోని ప్రశ్నలు. అక్కడ చెప్పిన మాట జీతం పెంపు సమీక్షలోకి వెళ్లదని అందరికీ నమ్మకం కుదిరితేనే ఈ పద్ధతి నిలుస్తుంది. ఆ నమ్మకాన్ని ఒక్కసారి పోగొట్టుకున్నా ఎవరూ నోరు విప్పరు.

ఇక సాంకేతికత సంగతి. జెరాక్స్ పరిశోధన కేంద్రం 1973 నాటికే తెరమీద బొమ్మలతో, మౌస్‌తో పనిచేసే ఆల్టో అనే కంప్యూటరును తయారుచేసింది. ఆ ఆలోచనల నుంచి పెద్ద లాభం పొందింది ఇతర సంస్థలు. అదే కేంద్రంలో గ్యారీ స్టార్క్‌వెదర్ అభివృద్ధి చేసిన లేజర్ ప్రింటరు మాత్రం 1977లో జెరాక్స్ 9700గా మార్కెట్లోకి వచ్చి ఆ సంస్థకు విస్తారమైన ఆదాయం తెచ్చింది. రెండింటికీ తేడా ఎక్కడుందో ఆలోచించు. ప్రింటరు ఆ సంస్థ కాపీ యంత్రాల మీదనే నిర్మించినది, దాన్ని తయారుచేయగల, అమ్మగల, బాగుచేయగల విభాగాలు ముందే ఉన్నాయి. కంప్యూటరును చేతులు చాపి అందుకోగల విభాగం అప్పటికి లేదు. అందువల్ల ఏ పరిశోధనకైనా నిధులు ఇచ్చేముందు, అది పూర్తయితే ఏ విభాగం స్వీకరిస్తుంది, ఆ విభాగం నుంచి ఎవరు మొదటి రోజు నుంచే బృందంలో ఉంటారు అని అడుగు. పేరు చెప్పలేకపోతే, ఆ స్వీకర్తను తయారుచేయడానికి కూడా నిధులు కేటాయించు. అది కూడా కుదరకపోతే ఆ పరిశోధనను చిన్న స్థాయిలోనే ఉంచు.

ఫోటో ఫిల్మ్ తయారీతో పేరు పొందిన కోడాక్, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు ఇదే విషయాన్ని మరో కోణంలో చూపిస్తాయి. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. ఒక చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. అంత ముందుగా విషయం తెలిసిన ఆ సంస్థ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ఫ్యూజీఫిల్మ్ తన దగ్గర ఉన్న సాంకేతికతలను ఒక్కొక్కటిగా పట్టిక వేసి, ఫిల్మ్ కోసం నేర్చుకున్నది ఇంకెక్కడ పనికొస్తుందని వెతికింది. ఫిల్మ్‌లో కొల్లాజెన్ ఉంటుంది, రంగులు వెలిసిపోకుండా ఆపే రసాయనాలు ఉంటాయి. ఆ పరిజ్ఞానాన్ని చర్మ సంరక్షణకు మళ్లించి సౌందర్య సాధనాల రంగంలోకి వెళ్లింది, ఫిల్మ్ పొరల తయారీలోని నేర్పును ఎల్‌సీడీ తెరలకు అవసరమైన పొరలకు మళ్లించింది. ఇలాంటి పట్టిక ఒకటి నువ్వూ తయారుచేయించు. "మనం ఏమి అమ్ముతున్నాం" అన్న జాబితా అందరి దగ్గరా ఉంటుంది. "మనకు ఏమి చేయడం వచ్చు" అన్న జాబితా ఉన్న సంస్థలు నాకు అరుదుగానే తటస్థపడ్డాయి.

బయటి నుంచి తెలివిడి తెచ్చుకోవడానికి సంకోచించకు. బంగాళదుంప చిప్స్ మీద బొమ్మలు, మాటలు ముద్రించాలనుకున్న ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ, అవసరాన్ని స్పష్టంగా రాసి తన పరిచయాల ద్వారా ప్రచారం చేస్తే, ఇటలీలోని బొలోన్యాలో చిన్న బేకరీ నడుపుతున్న ఒక ఆచార్యుడి దగ్గర తినదగిన సిరాతో ముద్రించే పద్ధతి దొరికింది. 2004లో ఆ ఉత్పత్తి మార్కెట్లోకి వచ్చింది. సమస్యను అంత స్పష్టంగా రాయగలగడమే అక్కడి గొప్పతనం. అయితే బయటిదాన్ని తెచ్చుకుని వాడాలంటే లోపల కూడా ఆ రంగం తెలిసినవారు ఉండాలి. సొంత పరిశోధన మూసేసి అంతా కొనుక్కుందామనే సంస్థకు ఏది కొనదగినదో కూడా తెలియకుండా పోతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి అడిగావు. ఇప్పటికే మీవాళ్లు రోజూ తెరిచే ఉపకరణంలోనే వెతుకులాట సరిగా జరిగేలా చేయించు, కొత్తది కొనే పని ఏడాది తరువాత చూడవచ్చు. పాత పత్రాల నుంచి జవాబులు చెప్పే కృత్రిమ మేధ ఉపకరణాలు నిజంగా ఉపయోగపడతాయి, కానీ అవి రాసి ఉన్నదాని నుంచే చెబుతాయి. కాలం చెల్లిన విధానాన్ని కూడా ఎంతో నమ్మకంగా చెప్పేస్తాయి. కాబట్టి ప్రతి పత్రానికి ఒక యజమాని, ఒక పునఃపరిశీలన తేదీ ఉండాలి. తేదీ దాటినదాన్ని వెతుకులాటలోంచి తొలగించాలి. రహస్యంగా ఉంచవలసినవీ, పేటెంటు తీసుకోవలసినవీ ఏవో న్యాయ విభాగంతో కూర్చుని ముందే నిర్ణయించుకో. మిగతాదంతా సంస్థలో అందరికీ తెరిచి ఉంచు.

మనుషుల విషయానికొస్తే, మొదట ఒకే ఒక్కరిని తీసుకో. ఇంజనీర్ల మాట అర్థం చేసుకుని, దాన్ని ఇతరులకు అర్థమయ్యేలా రాయగలిగిన, మొహమాటం లేకుండా ప్రశ్నలు అడగగలిగిన వ్యక్తి కావాలి. ఆ మనిషికి సంస్థలో ఏ గదిలోకైనా వెళ్లే అనుమతి ఇప్పించు. నిపుణులకు సమయం ఇప్పించే బాధ్యత మాత్రం నీదే. త్రీఎమ్ సంస్థలో బలహీనంగా అంటుకునే జిగురును 1968లో కనిపెట్టిన స్పెన్సర్ సిల్వర్, దానికి ఉపయోగం దొరక్కపోయినా సంస్థలోపల ప్రసంగాలు ఇస్తూనే ఉన్నాడు. ఆ ప్రసంగం విన్న ఆర్ట్ ఫ్రై 1974లో దానికి ఉపయోగం కనిపెట్టాడు. అంటించి మళ్లీ తీయగలిగే పోస్ట్-ఇట్ చిన్న కాగితాలుగా అది అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోవచ్చన్న నియమం ఆ సంస్థలో ఉండేది. మీ యాజమాన్యం ఏడాదిలో ఉత్పత్తులు అడుగుతోంది కనుక, ఈ పన్నెండేళ్ల కాలవ్యవధి సంగతి మొదటి సమావేశంలోనే తేదీలతో సహా వారి ముందు పెట్టు. ఏడాదిలో చూపగలిగేది వేరే ఉంది: ఒక లోపాన్ని రెండోసారి కనిపెట్టవలసిన అవసరం ఎన్ని చోట్ల తప్పింది, ఒక విభాగంలో పుట్టిన పద్ధతి ఎన్ని ఇతర విభాగాల్లో వాడుకలోకి వచ్చింది, విరమించబోయే ఎందరి దగ్గర శిష్యులు కుదిరారు. వీటిని లెక్కించి చూపిస్తానని చెప్పి, అందుకు బదులుగా నువ్వు మొదటి వారాల్లో రాసిపెట్టుకున్న పేర్ల జాబితాలోని నిపుణులకు వారంలో కనీసం అర రోజు రాతపూర్వకంగా ఇప్పించుకో. నోటిమాటగా ఇచ్చిన సమయాన్ని మొదటి అత్యవసర ఆర్డరు రాగానే వెనక్కి తీసుకుంటారు.

ఆశీస్సులతో,
మీ మామయ్య