వంకర రికార్డుకి బదులు సీడీ ఇస్తామంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: సైన్సు మాస్టారిగా చేసి రిటైరయ్యాను, బొబ్బిలిలో ఉంటాను. నాకిష్టమైన ఒక సితార్ విద్వాంసుడి కచేరీల బాక్స్ సెట్, 6 ఎల్పీ రికార్డుల పెట్టె, ఆన్‌లైన్‌లో 13,800 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. అదే సంగీతం సీడీల్లో 3,200కే ఉంది. రికార్డుల మీద ఇష్టం కొద్దీ ఇది తీసుకున్నాను. రెండు రికార్డులు వంకర తిరిగి వచ్చాయి. ఒకదాని మీద ముల్లు ఎగిరి పడుతోంది. అడిగితే, "వినైల్ రికార్డులంటే అంతే సార్, సీల్ తీసిన పెట్టె వెనక్కి తీసుకోం, కావాలంటే సీడీ సెట్ పంపుతాం, సర్దుకోండి" అంటున్నారు. సర్దుకోవాలా? కేసు వేస్తే వాళ్లుండే బెంగళూరు తిరగాలా? మున్ముందు రేటు పెరుగుతుందని ఇంకో సెట్ కొని సీల్ తియ్యకుండా ఉంచాను, దాని సంగతేమిటి? ఈ రికార్డుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే తప్పవుతుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఒక్క మాట. ఆ సీడీ సెట్ తీసుకోకండి. "సమస్య పరిష్కారమైంది" అని ఫోన్‌లో ఏ బటనూ నొక్కకండి. తీసుకుంటే మీరు రాజీ పడ్డారని రేపు వాళ్లే చూపిస్తారు.

ఎల్పీ మంచిదా, సీడీ మంచిదా అన్న వాదనలోకి వినియోగదారుల కమిషన్ వెళ్లదు. ఎల్పీ ఒక్కో పక్క 20 నుంచి 25 నిమిషాలు మోగుతుంది, సీడీ 74 నుంచి 80 నిమిషాలు పలుకుతుంది. మీ ఆరు రికార్డుల సంగీతం నాలుగు సీడీల్లో పట్టేస్తుంది. పాటలన్నీ అవే కాబట్టి నష్టమేముంది అని వాళ్లు అనొచ్చు. చట్టం చూసేది మాత్రం అమ్మకం పేజీలో వాళ్లేం రాశారు, మీ ఇంటికి ఏం వచ్చింది అని. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల్లో 6వది చాలా స్పష్టంగా ఉంది. వస్తువు లోపంతో వచ్చినా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోము, డబ్బు ఇవ్వము అనడానికి వీల్లేదు. సీల్ తియ్యకుండా రికార్డు వంకర ఎలా తెలుస్తుంది? అందుకే "సీల్ తీస్తే వాపసు లేదు" అన్న మాట లోపమున్న సరుకు దగ్గర నిలవదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం కూడా, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతే.

రాసిన మాటకి ఎంత బరువుంటుందో చెప్పే సంగతి ఒకటి అమెరికాలో జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ రికార్డుల తయారీలో డిజిటల్ మెట్టు ఒకటి ఉందని 2022లో బయటపడింది. అంతా అనలాగే, అంటే డిజిటల్‌గా మార్చకుండా టేపు నుంచి నేరుగా రికార్డుకి ఎక్కించిందే, అని నమ్మి కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఆ రికార్డులు వంకర లేవు, చెడిపోలేదు, శబ్దం బాగుందని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా చివరికి రాజీ కుదిరి, వెనక్కిచ్చినవాళ్లకి డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. మీ సెట్ పేజీలో "ఒరిజినల్ టేపుల నుంచి", "180 గ్రాముల రికార్డు", "నంబరు వేసిన పరిమిత ముద్రణ" లాంటి మాటలుంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. రేపటికి ఆ పేజీ మారిపోవచ్చు.

ఇక అసలు గట్టి పట్టు సాక్ష్యం దగ్గరే ఉంది. అవతలివాళ్లు మొదట అనే మాట, "మీ ఇంట్లో ఎండ తగిలి వంగింది" అని. ఆ మాటకి తగిన ఆధారం దొరికితే కేసు పోతుంది కూడా. మా నాన్నగారు పాత గ్రామఫోన్ ప్లేట్లని ట్రంకు పెట్టె కింద పడుకోబెట్టి దాచారు. ఒక వేసవి దాటేసరికి నాలుగు ప్లేట్లు పళ్లేల్లా తయారయ్యాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ ఉన్నది అందులో ఒకటి, ఇప్పటికీ తలుచుకుంటే బాధ వేస్తుంది. మీరు ఇవాళే రికార్డుల్ని చల్లటి గదిలో నిలువుగా నిలబెట్టండి. వంకర పోయినదాన్ని అద్దం పలక మీద పెట్టి, అంచు ఎంత లేచిందో పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. రికార్డు మధ్య లేబులూ, లేబుల్ దగ్గర నున్నటి భాగంలో గీసిన నంబరూ కనబడాలి. ముల్లు ఎగిరే చోటుని వీడియో తీయండి. అదే రికార్డుని ఇంకొకరి ప్లేయర్ మీద కూడా వేసి తీయండి, లేకపోతే లోపం మీ ప్లేయర్‌ది అంటారు. సరదాకి కూడా మళ్లీ మళ్లీ వెయ్యకండి, గాడి దెబ్బతింటుంది. వంకర కంటికే కనబడుతుంది. కాదని వాదిస్తే, సరుకుని సీలు వేసి పరీక్షకి పంపే అధికారం అదే 2019 చట్టం సెక్షన్ 38 కింద కమిషన్‌కి ఉంది.

బెంగళూరు టెన్షన్ వదిలెయ్యండి. 2019 చట్టం సెక్షన్ 34 కింద మీరు నివాసముండే చోటే ఫిర్యాదు వెయ్యొచ్చు. మీకు విజయనగరం జిల్లా కమిషన్, శ్రీకాకుళం వాళ్లకైతే శ్రీకాకుళం కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, వకీలుని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చెయ్యొచ్చు. గడువు 2 సంవత్సరాలు. అంతకంటే ముందు ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి నమోదు చేయించడం కూడా మంచిదే. సగం తగాదాలు అక్కడే తీరడం నేను చూశాను.

రెండో సెట్ దగ్గర నాకు భయంగా ఉంది, దాచకుండా చెబుతాను. తిరిగి అమ్మడానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారని సెక్షన్ 2(7) అంటోంది. రేటు పెరిగితే అమ్ముదామని కొన్నానని మీరే రాశారు. ఫిర్యాదులో ఆ సెట్‌ని కలపకండి, అలాగని అబద్ధమూ ఆడకండి. మీరు వినడానికి కొన్న సెట్ మీద మాత్రమే కేసు. రెండోదాంట్లో లోపం ఉంటే 1930 సరుకుల విక్రయ చట్టం ఉంది, వర్ణించిన సరుకే ఇవ్వాలని సెక్షన్ 15 చెబుతుంది, కానీ దానికి సివిల్ కోర్టు, ఖర్చూ కాలమూ వేరు. సీల్ తీసి వినేసేయండి అని నా సలహా. పెట్టెలో మూసి ఉన్న సితార్ ఎవరికి పనికొస్తుంది?

కంప్యూటర్ సంగతి. మీరు కొన్న రికార్డుని మీరు వినడానికి ఎక్కించుకోవడం కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోని సొంత వాడుక కిందికి వస్తుంది. పెన్‌డ్రైవ్‌ల్లో పంచడం, యూట్యూబ్‌లో పెట్టడం దాని కిందికి రావు.

సీడీ కొనే పాఠకుల కోసం ఒక ముక్క. అక్కడ వంకర బెడద లేదు, నకిలీ బెడద ఉంది. అచ్చు పోసిన సీడీ అడుగు వెండిలా మెరుస్తుంది, ఇంట్లో కాపీ చేసినదానికి చాలాసార్లు ఆకుపచ్చ, నీలం ఛాయ ఉంటుంది. రికార్డింగ్ తయారు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం డిస్కు మీదా పెట్టె మీదా ఉండాలని కాపీరైట్ చట్టం సెక్షన్ 52ఎ చెబుతుంది. ఎల్పీకైనా ఇదే నియమం. మీ పెట్టె మీద ఇవి ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అదీ ఫిర్యాదులో రాయండి.

కొరియర్ అట్టపెట్టె పారెయ్యలేదు కదా? దాని మూల నలిగి ఉంటే, మీద అంటించిన స్టిక్కర్ చిరగకుండా ఫొటో తీసి, పెట్టెని అలాగే అటక మీద ఉంచండి.