లాన్ మీద డాలర్లు చల్లకండి

న్యూజెర్సీలో ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే, లాన్‌లో క్లోవర్ (నేలబారుగా పాకే మూడాకుల మొక్క) వేసుకోవచ్చా అని అడుగుతున్నారంటే మీరు నాకంటే నయం. నా రోజుల్లో చెప్పేవాళ్లు లేరు. పక్కింటి లాన్ చూసి నేనూ మనుషుల్ని పెట్టుకున్నాను. బిల్లు వచ్చినప్పుడల్లా దాన్ని రూపాయల్లోకి మార్చుకుని బీపీ పెంచుకోవడమే.

ఆ టెన్షన్ భరించలేక తెల్ల క్లోవర్ గింజలు తెచ్చి గుప్పిళ్లతో చల్లాను. ఆవగింజ కన్నా చిన్నవి, చేతిలోంచి జారి అన్నీ ఒకేచోట పడ్డాయి. అక్కడ దట్టంగా, మిగతా అంతా బట్టతల. వెయ్యి చదరపు అడుగులకు పావు నుంచి అర పౌను చాలు, పొడి ఇసుకలో కలిపి చల్లండి. పావు అంగుళం కంటే లోతుకు వెళ్లకూడదు. ఏప్రిల్‌లో గానీ ఆగస్టు చివర గానీ వేసి, మొలకెత్తేదాకా తడి ఆరనివ్వకండి.

మళ్లీ వేస్తే చక్కగా వచ్చింది. ఆ ముచ్చటలో, సేల్‌లో ఉందని 'వీడ్ అండ్ ఫీడ్' (కలుపు మందు కలిపిన ఎరువు) బస్తా కొని చల్లాను. అందులో 2,4-డి ఉంటుంది, వెడల్పాకు మొక్కల్ని చంపే మందు. నాలుగు రోజుల్లో క్లోవర్ కాడలు మెలికలు తిరిగాయి, ఆకులు ముడుచుకున్నాయి. గడ్డి మాత్రం నిక్షేపంగా ఉంది! అసలు ఒకప్పుడు అమెరికాలో లాన్ గింజల్లో క్లోవర్ కలిపే అమ్మేవారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ మందులొచ్చాకే అది కలుపు లెక్కన జమైంది.

నత్రజని ఎరువు కూడా దండగే. ఒక మొక్క పీకి చూడండి, వేళ్లకు లేత గులాబీ రంగు బుడిపెలుంటాయి. మన పిల్లిపెసర, జీలుగ లాగే గాలిలోని నత్రజనిని పట్టేస్తుంది. వరికి ముందు జీలుగ దున్నిన రైతు కొడుకుని, ఇక్కడికొచ్చి యూరియాకు డాలర్లు పోశాను.

పిల్లలు ఆడుకునే చోట ఉత్త క్లోవర్ తొక్కుడుకు ఆగదు, ఫెస్క్యూ గడ్డితో కలిపి వేయండి. పూలకు తేనెటీగలొస్తాయి కాబట్టి విచ్చకముందే మూడంగుళాల ఎత్తులో కోసేయండి. చలికాలంలో వాడిపోతే కంగారుపడి ఏదీ కొనకండి. రెండు మూడేళ్లకోసారి పలచబడ్డచోట కాసిని గింజలు వేస్తే సరి. హెచ్ఓఏ (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని రూల్స్ మీ కాగితాల్లో ఉంటాయి, చూసుకోండి.

మైక్రోక్లోవర్ అంటారా, ఆకు చిన్నది, పూలు తక్కువ, ధర బాగా ఎక్కువ. సరదా ఉంటే ఇంటి ముందు వేసుకోండి. పెరట్లో ఎవరు చూడొచ్చారు, మామూలుది చాలు.