పాప్ గాయని హిప్ హాప్ వైపు మళ్లితే శ్రోతలు ఎందుకు రెండుగా చీలిపోతారు?

అమెరికన్ పాప్ గాయని మరయా కేరీ తొలి పాటలు వింటూ పెరిగానని, 1997లో ఆమె దరువు మీద మాటలు దొర్లించే (ర్యాప్) హిప్ హాప్ వైపు మళ్లాక వచ్చినవి చెవికి ఎక్కడం లేదని, మీ తమ్ముడికేమో ఆ తర్వాతి పాటలే ప్రాణమని రాశారు. ఆమె ఎదిగిందా, మార్కెట్ కోసం మారిందా అని అడిగారు. నా మటుకు ఆమె ఎదిగిందనే చెప్తాను. అయినా మీకు కలిగిన బాధను నేను కొట్టిపారేయను. అలాంటి బాధ పడ్డవాణ్ణి దగ్గరగా చూశాను.

కడపలో డిగ్రీ చదివే రోజుల్లో సెవెన్ రోడ్స్ దగ్గర ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. తెలుగు పాటలైతే రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇచ్చి వస్తే నింపి ఇచ్చేవాళ్లు. ఇంగ్లిష్ పాటలకు మాత్రం ప్రొద్దుటూరు మిత్రుడి అన్నే దిక్కు. ఆయన బెంగళూరులో పనిచేసేవాడు, వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చేవాడు. మా మూడో వాడిది రాజంపేట, పదో తరగతి దాకా తెలుగు మీడియం. మరయా కేరీ 1993లో పాడిన 'హీరో' పాటను టేప్ రికార్డర్లో ఆపుతూ, వెనక్కి తిప్పుతూ ఒక్కో మాటా నోటుబుక్కులో రాసుకునేవాడు. స్పెల్లింగ్ తెలియని మాటను ముందు తెలుగు అక్షరాల్లో పెట్టుకొని, తర్వాత డిక్షనరీ తిరగేసి పట్టుకునేవాడు. ఆమె ప్రతి మాటనూ అంత నిదానంగా, సాగదీసి పాడుతుంది కాబట్టే అది వాడికి దక్కింది. ఇంటర్ నుంచి ఇంగ్లిష్ మీడియంలో పడి నలిగిపోతున్న పిల్లోడికి ఆ పాట ధైర్యాన్నీ ఇచ్చింది, భాషనూ ఇచ్చింది.

అలాంటివాడి చేతికి ఆమె 1997 ఆల్బమ్ 'బటర్‌ఫ్లై' క్యాసెట్టు వచ్చింది. మొదటి పాట 'హనీ'. గొంతు అదే, కానీ గుసగుసగా ఉంది. వెనక డ్రమ్స్, మధ్యలో మగగొంతుల అరుపులు. వాడు పెన్ను మూసి పక్కన పెట్టేశాడు. "ఒక్క ముక్క అర్థం కాలేదు బ్బా. ఈమె ఇంక మన కోసం పాడదు" అన్నాడు. ప్రొద్దుటూరు వాడు అదే పాటకు లేచి గంతులేశాడు. 1994లో రెహమాన్ సంగీతంతో వచ్చిన 'ప్రేమికుడు' పాటలకు కాలేజీ డే నాడు స్టేజీ ఎక్కి ఆడినవాడు మరి. "ఇంతకాలానికి ఈమె పాటకు కాలు కదిలింది" అన్నాడు. ఇద్దరూ కొన్నాళ్లు ఆ క్యాసెట్టు మీద వాదులాడుకుంటూనే ఉన్నారు.

నాకు అప్పుడే అనిపించింది, వీళ్ల గొడవ సంగీతం గురించి సగమేనని. ఒకడికి ఆ గొంతు మాట నేర్పింది, ఇంకొకడికి ఆట కావాలి. మనం ఒక గొంతును ఏ పనికి వాడుకున్నామో ఆ పని అది మానేసిన రోజున మనసు నొచ్చుకుంటుంది. మీకూ జరిగింది ఇదేనేమో చూసుకోండి.

ఇక "మార్కెట్ కోసం" అన్న మాటకొస్తాను. 1997 నాటికి ఆమెకు మార్కెట్‌లో లోటేమీ లేదు. 1990లో వచ్చిన మొదటి పాట నుంచి వరసగా ఐదు సింగిల్స్ (విడిగా విడుదల చేసే పాటలు) అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి వెళ్లాయి. 1995లో బాయ్జ్ టు మెన్ అనే గాయక బృందంతో కలిసి పాడిన 'వన్ స్వీట్ డే' 16 వారాలు అక్కడే కూర్చుంది. అంత నడుస్తున్న దుకాణాన్ని మార్చమని వ్యాపారం తెలిసినవాడెవడూ చెప్పడు. పైగా మార్పు 1997లో ఊడిపడింది కూడా కాదు. 1995లో వచ్చిన 'ఫాంటసీ' పాటే టామ్ టామ్ క్లబ్ అనే బ్యాండు 1981 నాటి పాట ముక్క మీద కట్టింది. దాని రీమిక్స్‌లో, అంటే మార్చి కట్టిన రూపంలో, వూ-టాంగ్ క్లాన్ అనే హిప్ హాప్ బృందానికి చెందిన ఓల్ డర్టీ బాస్టర్డ్ చేత ర్యాప్ పాడించింది. తియ్యటి గొంతు పక్కన అంత మొరటు గొంతేమిటని అప్పుడు చాలామంది విస్తుపోయారు. తర్వాత పాప్ గాయనుల పాటల్లో ర్యాపర్ ఒక చరణం అందుకోవడం మామూలైపోయింది. 1997లో భర్త టామీ మోటోలా నుంచి ఆమె విడిపోయింది. ఆయన సోనీ మ్యూజిక్ అధినేత, అంటే ఆమె పాటలు విడుదల చేసే కంపెనీకి పెద్ద. ఆ విడిపోవడానికీ 'బటర్‌ఫ్లై'లో వినిపించే స్వేచ్ఛకూ సంబంధం లేదనుకోవడం నాకు చేతకాదు.

నాకు ఈ మార్పు మొదటి నుంచీ నచ్చడానికి వేరే కారణం ఉంది. మా ఊరు మైదుకూరు దగ్గర. మా నాయన చెక్కభజన గురువు. శ్రీరామనవమికి, తిరునాళ్లకు ఆయన జట్టు ఆడేది. చెక్కభజనలో మొదట పాట నిదానంగా లేస్తుంది. గురువు చరణం అందుకుంటాడు, జట్టు తిరిగి పలుకుతుంది, రాగం తీయడానికి కావలసినంత చోటుంటుంది. అడుగు వేగం పెరిగేకొద్దీ ఆ చోటు తగ్గిపోతుంది. చివరికి చెక్కల మోత మధ్య రాగం సన్నబడి మాట ఒక్కటే మిగుల్తుంది. అక్కడ గురువు పని ఇంకా కష్టం. దరువుకూ దరువుకూ మధ్య ఉన్న సందులో మాటను విరగకుండా పెట్టాలి. ఒక్క ఒత్తు నలిగినా జట్టు అడుగు తప్పుతుంది. రాగం తీసేటప్పుడు మెచ్చుకునేవాళ్లు ఊరంతా ఉంటారు గానీ, ఈ వేగంలో మాట నిలబెట్టడం ఎంత విద్యో ఆడేవాళ్లకే తెలుస్తుంది.

సెలవుల్లో ఆ క్యాసెట్టు ఇంటికి తీసుకుపోయాను. అందులో 'బ్రేక్‌డౌన్' అని ఒక పాట ఉంది. క్లీవ్‌లాండ్‌కు చెందిన బోన్ థగ్స్-ఎన్-హార్మనీ అనే బృందంలో ఇద్దరు ఆమెతో కలిసి పాడారు. వాళ్లది గడగడా మాటలు దొర్లిస్తూనే రాగం వదలని పద్ధతి. ఆ పాటలో మరయా కేరీ తన పాత ఎత్తైన స్వరాలన్నీ పక్కన పెట్టి, వాళ్ల పద్ధతిలోకే దిగి, చిన్న చిన్న మాటలను దరువు సందుల్లో పేర్చుకుంటూ పోతుంది. నాయనకు ఇంగ్లిష్ ఒక్క అక్షరం రాదు. మంచం మీద కూర్చొని కాసేపు విని, "ఏంరా అబ్బీ, ఆ యమ్మ దరువు తప్పకుండా భలే మాటలు కుక్కుతాండాదే" అన్నాడు. అంతకు మించిన సమీక్ష నేను ఎక్కడా చదవలేదు.

కాబట్టి ఏ గాయని మారినా నేను చూసేది ఒకటే. పాటలోంచి ర్యాపర్ చరణాన్ని తీసేయండి. మిగిలిన పాటలో ఆమె పాడే తీరు పాతదే అయితే, అది అతుకు. ఆమె ఊపిరి తీసే చోటు, మాట విరిచే చోటు మారి ఉంటే, ఆమె ఆ విద్య నిజంగా నేర్చుకుందని అర్థం. 2005లో ఆమె పాడిన 'వి బిలాంగ్ టుగెదర్' వినండి, అందులో ర్యాపర్ ఎవరూ లేరు. రెండో చరణంలో నిద్రపట్టక రేడియో తిప్పుతుంటే ప్రతి స్టేషన్‌లోనూ తన బాధనే పాడుతున్నారని చెప్పే చోట, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. నిదానంగా పాడితే ఆ ఊపిరాడనితనం రాదు. ఆ పాట 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. నా దృష్టిలో అది హిప్ హాప్ నేర్చుకున్నందువల్లే పుట్టిన విరహగీతం.

హిప్ హాప్ ఎవరిదో ఆ రెండో వైపు వాళ్ల కోపం కూడా ఉంటుంది, దాన్ని మనం ఇక్కడ కూర్చొని తేలిగ్గా మర్చిపోతాం. హిప్ హాప్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పేద నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లల మధ్య పుట్టింది. మరో అమెరికన్ పాప్ గాయని మైలీ సైరస్ 2013లో 'బ్యాంగర్జ్' ఆల్బమ్‌తో ఆ వైపు వెళ్లి పేరు మోగించుకుంది. 2017లో హిప్ హాప్ పాటల్లో కార్లూ నగల గోలే ఎక్కువని, అందుకే బయటికొచ్చానని అన్నప్పుడు, వాడుకొని విసిరేసిందని చాలామంది మండిపడ్డారు. 2019లో ఆమే క్షమాపణ చెప్పింది. ఆ కోపం న్యాయమైనదే. మరయా కేరీ తండ్రి నల్లజాతి వెనెజువెలా మూలాలున్నవాడు, ఆమె పెరిగింది న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో. మళ్లిన తర్వాత ఆ సంగీతాన్ని వదిలిపెట్టి పోలేదు. ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

మీకు 'హనీ' నచ్చకపోతే దాంతో మొదలుపెట్టకండి. ముందు 'బ్రేక్‌డౌన్' వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకొని, వెనక పొరలు పొరలుగా పేర్చిన ఆమె గొంతులనే గమనిస్తూ. ఆ తర్వాత 'వి బిలాంగ్ టుగెదర్'. అప్పటికీ చెవికి ఎక్కకపోతే మీ పాత క్యాసెట్లు మీకున్నాయి, వాటినెవరూ తీసుకుపోరు. మీ తమ్ముడికి మాత్రం 'మై ఆల్' వినిపించండి. గిటారు మీద నిదానంగా సాగే పాట, 1998లో మొదటి స్థానానికి వెళ్లింది. అదీ 'బటర్‌ఫ్లై'లోదే.