వెయ్యి ప్రతులు వద్దమ్మా

కడప

చిరంజీవి అయిన అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందిన సాయంత్రమే చదవడం మొదలుపెట్టి మూడు రోజుల్లో ముగించాను. నవల మీద నేను చెప్పదలచుకున్నదంతా పేజీల అంచుల్లో పెన్సిలుతో రాసి పంపాను కనుక ఈ ఉత్తరంలో దాని జోలికి పోను. నువ్వు ఫోనులో అడిగింది వేరే సంగతి. "సార్, వెయ్యి కాపీలు వేయిద్దామనుకుంటున్నా, ఆవిష్కరణకు ఎవరిని పిలిస్తే బాగుంటుంది?" అన్నావు. ఆ వాక్యంలో మొదటి సగం విన్నప్పుడు ఎంత కంగారు పడ్డానో, రెండో సగం విన్నప్పుడూ అంతే కంగారు పడ్డాను. ఫోనులో చెబితే నిరుత్సాహపరచినట్టుంటుందని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

1994లో నేను నా తొలి నవలను పీఎఫ్ లోను తీసి మరీ వెయ్యి ప్రతులు వేయించాను. వెయ్యికి తగ్గితే ప్రతికి పడే ఖర్చు పెరుగుతుందని ప్రెస్సాయన చెప్పిన లెక్క అబద్ధమేమీ కాదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చూ మిషను మీదికి ఎక్కించే ఖర్చూ మూడు వందలకైనా మూడు వేలకైనా ఒకటే. అయితే అమ్ముడుపోని ప్రతుల ఖర్చును ఆ లెక్కలో ఎక్కడ వేసుకోవాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. హైదరాబాదులో ఒక పంపిణీదారుకు మూడు వందల ప్రతులు లారీలో వేశాను. ఆ దుకాణం పేరు ఇప్పుడెందుకులే. నేను రాసిన కార్డులకు జవాబు లేదు, వెళ్లి నిలబడితే టీ ఇచ్చారు గానీ లెక్క ఇవ్వలేదు. పదకొండేళ్ల తర్వాత ఒక ఉదయం పార్సిల్ ఆఫీసు నుంచి కబురొస్తే వెళ్లాను. నూట నలభై ప్రతులు తిరిగి వచ్చాయి, వాటి బాడుగ కూడా నన్నే కట్టమన్నారు. మిగిలిన నూట అరవై ఏమయ్యాయో నాకు ఈనాటికీ తెలియదు. ఇంట్లో మిగిలినవి మంచం కింద పేర్చి పెట్టాము. చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఆయన నవల మీద పడుకోండి" అని మీ అమ్మగారు, అంటే నా భార్య, పరాచికమాడేది. అడుగు వరుసకు చెదలు పట్టిన తర్వాత ఆ పరాచికమూ ఆగిపోయింది.

నాకు లేని సౌకర్యం నీకుంది. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో వంద ప్రతులు కూడా వేయించుకోవచ్చు. ప్రతికి ఖర్చు కొంత ఎక్కువ పడినా, అవి అయిపోయాక ఫైలు పంపి మరో వంద తెప్పించుకుంటే సరిపోతుంది. మూడు వందలతో మొదలుపెట్టు. వాటికి డిమాండు నిలిస్తే అప్పుడు ఆఫ్‌సెట్‌కు వెళ్దువు. అప్పుడు ఫారాల లెక్క వస్తుంది. డెమ్మీ సైజులో ఒకే పెద్ద కాగితం మీద కలిసి అచ్చయ్యే పదహారు పేజీలు ఒక ఫారం కాబట్టి 240 పేజీలంటే సరిగ్గా పదిహేను ఫారాలు. నీ డీటీపీ 252 పేజీలు తేలిందన్నావు. ఆ పన్నెండు పేజీలు ఎక్కడున్నాయో నాకు తెలుసు, నువ్వు వేయదలచుకున్న మూడు ముందుమాటల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. మూడూ తీసెయ్యి. నొచ్చుకోను. మన దగ్గర కొత్త నవల తెరిస్తే పెద్దల ఆశీర్వచనాలు దాటుకొని కథలోకి అడుగుపెట్టేసరికి పాఠకుడికి ముగింపు కూడా తెలిసిపోయి ఉంటుంది.

ప్రూఫుల విషయానికి వస్తే నేను కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టు. నువ్వు యూనికోడ్‌లో టైపు చేశావు, కాని ప్రెస్సుల్లో చాలామంది పేజీలు పెట్టేది ఇప్పటికీ "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లలోనే. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి, ఇంగ్లీషు మాటల్లోని పొల్లులు అతుక్కుపోయి చదవడానికి రాకుండా పోతాయి. కాబట్టి నీ కంప్యూటరులో నువ్వు ఎన్నిసార్లు దిద్దుకున్నావన్నది లెక్కలోకి రాదు. మార్చిన తర్వాత వచ్చే కాగితం ప్రూఫే అసలు ప్రూఫు. దాన్ని ఒంటరిగా చూడకు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూసుకుంటూ పోవాలి. మా ఊళ్లో బ్రౌన్ దొర జీతాలిచ్చి పండితులను పెట్టుకొని తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి సరిచేయించిన బంగళా చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయమై నిలిచింది. ఆ మెట్లెక్కినప్పుడల్లా నా తొలి నవల 73వ పేజీ గుర్తొచ్చి సిగ్గుపడుతుంటాను. "ఆ ఏడు వానలు బాగా పడి కరువు పోయింది" అని నేను రాసిన వాక్యం "ఆ ఏడు వానలు బాగా పడి పరువు పోయింది" అని అచ్చయింది. వెయ్యి ప్రతుల్లోనూ పోయింది. మగ్గం మీద అచ్చులో, అంటే పోగులు దూర్చే దువ్వెనలాంటి చట్రంలో, ఒక పోగు తప్పితే చీర పొడవునా గీత పడుతుందని నీ నవలలో నువ్వే రాశావు. పుస్తకం అచ్చు సంగతి కూడా అంతేనమ్మా.

అచ్చుతప్పుల కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. దిద్దేవాళ్లు మన సీమ మాటను తప్పనుకొని దిద్దుతారు. నీ పాత్ర "యాడికి పోతాండావు" అంటే దాన్ని "ఎక్కడికి పోతున్నావు" అని, "సద్ది"ని "చద్ది" అని, "కసువు"ను "చెత్త" అని మంచి మనసుతోనే మార్చేస్తారు. వాళ్లను అనడానికీ లేదు, ఎందుకంటే నీ రాతప్రతిలోనే ఒకే ముసలామె 31వ పేజీలో "ఉండాది" అని, 58వ పేజీలో "ఉంది" అని అంటోంది. దిద్దేవాళ్లకు ఏది నీ ఉద్దేశమో ఎలా తెలుస్తుంది? కాబట్టి ప్రెస్సుకు ఇచ్చే ముందు ఒక జాబితా తయారు చెయ్యి. ఏ పాత్ర ఏ మాటను ఎలా పలుకుతుందో, మగ్గం పని మాటలను ఏ వర్ణక్రమంతో రాయాలో అందులో రాసి, "ఈ మాటలను మార్చరాదు" అని పైన ఎర్ర సిరాతో పెట్టి, రాతప్రతి మొదటి పేజీకి పిన్ను కొట్టి పంపు. కథకుడి వాక్యాలు శిష్ట భాషలో, మాటలు సీమ యాసలో ఉంచాలన్న నీ నిర్ణయం నాకు నచ్చింది. ఎవరు చెప్పినా దాని నుంచి పక్కకు జరగవద్దు.

హైదరాబాదు ప్రచురణకర్త ఒకరు సగం డబ్బు నువ్వు పెట్టుకుంటే వేస్తామన్నారని చెప్పావు. అది తప్పుడు బేరమని నేను అనను, అయితే ఎన్ని ప్రతులు వేస్తారో, లెక్క ఎన్ని నెలలకు ఒకసారి ఇస్తారో, మిగిలిన ప్రతులు ఎవరివో కాగితం మీద లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం, ప్రాంతం స్పష్టంగా రాయించు. అవి రాయకుండా వదిలేస్తే మన కాపీరైటు చట్టం ప్రకారం కాలాన్ని ఐదేళ్లుగా, ప్రాంతాన్ని భారతదేశంగా లెక్కిస్తారు. అనువాదం, ఆడియో, సినిమా హక్కులను పుస్తకం హక్కుతో కలిపి ఒక్క సంతకంతో ఇచ్చేయకు. కాపీరైటు రిజిస్ట్రేషన్ చేయించకపోతే నవల దొంగల పాలవుతుందని ఎవరో భయపెట్టారట. రాసిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నీవే వేసుకుంటే ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్యకు, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి నువ్వే దరఖాస్తు చేసుకోవచ్చు. అది ఉచితం కనుక మధ్యలో ఎవరికీ డబ్బు కట్టకు. అచ్చయిన ముప్పై రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చట్టం చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలని 1954 నాటి చట్టం ఉంది. చాలామంది పంపరు. నువ్వు పంపు, మన ఇళ్లలో చెదలు పట్టినా అక్కడ ఒక ప్రతి మిగులుతుంది.

వెల దగ్గర మొహమాటపడకు. ప్రతికి 120 రూపాయలు ఖర్చు పడి, 250 వెల పెట్టావనుకో. దుకాణదారు నలభై శాతం తగ్గించుకుంటే నీకు చేరేది 150, ఖర్చు పోను మిగిలేది ముప్పై. అదే నువ్వు నీ చేత్తో అమ్మితే 130 మిగులుతుంది, అంటే దుకాణంలో నాలుగు అమ్మినదానికంటే కూడా ఎక్కువే. దుకాణాలకు అసలు ఇవ్వవద్దని కాదు, డిసెంబరులో హైదరాబాదులోనూ జనవరి మొదట్లో విజయవాడలోనూ జరిగే పుస్తక ప్రదర్శనల్లో నీ నవల ఒక బల్ల మీద ఉండాలి. అందుకోసం నవంబరుకల్లా ప్రతులు చేతికి రావాలి. పుస్తకం వెన్ను మీద పేరు పెద్దగా వేయించు, అక్కడ పేర్చిన వరుసల్లో జనానికి కనపడేది వెన్నే. తపాలా ఖర్చు కూడా ముందే లెక్క వేసుకో. పుస్తకాలను చవకగా పంపే రిజిస్టర్డ్ సదుపాయాన్ని 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 సెప్టెంబరు నుంచి మామూలు రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

ఇక ఆవిష్కరణ. నా సభలో ఏడుగురు వక్తలు మాట్లాడారు. ముఖ్య అతిథి నవల తెరవలేదు. తన విదేశీ యాత్ర గురించి నలభై నిమిషాలు మాట్లాడి, చివర్లో నా పేరు కూడా తప్పు పలికాడు. శాలువలకు, ఫ్లెక్సీకి, భోజనాలకు అయిన డబ్బుతో మరో ఐదు ఫారాలు అచ్చు వేయించవచ్చు. అమ్ముడైనవి పదకొండు. నీ సభను మీ ఊరు ధర్మవరంలోనే, మగ్గాలు దిగే పొద్దుకు పెట్టు. మాట్లాడేవాళ్లు ముగ్గురు చాలు, వాళ్లకు నెల ముందే పుస్తకం అందాలి. మగ్గం నేసే ఒక మనిషిని పిలిచి, అతనికి నచ్చిన రెండు పేజీలు చదవమను. తడబడినా సరే. తలుపు పక్కన బల్ల వేసి, లెక్క తెలిసిన బంధువును కూర్చోబెట్టి, యాభై రూపాయల నోట్ల కట్ట ఒకటి చేతికివ్వు. క్యూఆర్ కోడ్ ఉన్నా సరే, చిల్లర లేక వెనుదిరిగే పెద్దవాళ్లు మన సభల్లో తప్పకుండా ఉంటారు. వేదిక మీద ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ పుస్తకం ఊరికే ఇవ్వవద్దు.

ఆ తర్వాత చేయవలసింది ఊళ్లు తిరగడమే. పత్రికల ఆదివారం సంచికలకు రెండేసి ప్రతులు పంపి మరచిపో, వాళ్ల బల్లల మీద గుట్టలుంటాయి. వాట్సాప్ గ్రూపుల్లో ముఖచిత్రం రోజూ పెడితే జనం మ్యూట్ చేస్తారు, వారానికి ఒక పేరా పెట్టు, అది కథ పట్టు తెలిసే పేరా కావాలి. నీకు ముప్పై ఐదేళ్లు నిండలేదు కనుక సాహిత్య అకాడెమీ యువ పురస్కారానికి కూడా పంపు. 2011లో ఆ పురస్కారం తెలుగులో తొలిసారి, 2012లో రెండోసారి అందుకున్నవాళ్లిద్దరూ మన కడప జిల్లా వేంపల్లె రచయితలే. ఇవి ఒక ఎత్తు. నా రెండో నవలకు నేను తెలుసుకున్నది మరో ఎత్తు. ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణదారు పది ప్రతులు గల్లాపెట్టె పక్కన పెట్టుకొని, రెండు నెలల్లో అన్నీ అమ్మి, డబ్బును కవరులో పెట్టి, ఎవరెవరు కొన్నారో వెనక పెన్సిలుతో పేర్లు రాసి పంపించాడు. ఆ పేర్లలో ఐదుగురికి నేను ఉత్తరాలు రాశాను, ముగ్గురు జవాబిచ్చారు, అందులో ఒకరు నా మూడో నవలకు ప్రూఫులు చూశారు. నీ ఊళ్లో పట్టుచీరల దుకాణాలకు తక్కువ లేదు. చీర కొనడానికి వచ్చినవాళ్లకు ఆ చీర నేసిన చేతుల కథ పక్కనే కనపడితే కొనకుండా ఉంటారా? నువ్వు షావుకారు పాత్రను చిత్రించిన తీరు చూస్తే అందరూ ఒప్పుకుంటారన్న నమ్మకం నాకు లేదు, అయినా అడిగి చూడు.

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి కొని, ఒకటి నుంచి మూడు వందల దాకా అంకెలు వేసి, ఏ ప్రతి ఎవరి చేతికి వెళ్లిందో, డబ్బు వచ్చిందో లేదో, చదివి ఏమన్నారో రాసుకో. 1994లో నా దగ్గర అలాంటి పుస్తకం ఉండి ఉంటే ఆ నూట అరవై ప్రతుల జాడ తెలిసేది.

రెండో ప్రూఫు రాగానే ఒక నకలు, దానితో పాటు ఆ మాటల జాబితా, కడప బస్సులో వేసి ఫోను చెయ్యి, డిపోకు వెళ్లి తీసుకుంటాను. గత నెలలోనే కళ్లద్దాలు మార్చాను. చదవడానికి పక్కన మీ అమ్మగారు ఉంది.

ఇట్లు,
నీ మేలు కోరే
సార్