మేనల్లుడికి: సీట్ల లెక్క చివర్లో చూడు

చిరంజీవి మేనల్లుడికి,

రష్యాలో ఐస్ హాకీ అరీనాలు కట్టే కంపెనీలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చలికి తట్టుకుంటావో లేదోనని అక్కకి టెన్షన్. చలి అలవాటైపోతుందిలే, దాని గురించి రాయను. ఇక్కడ రష్యాలో కూలింగ్ పనుల్లోనే నా జుట్టు నెరిసింది కాబట్టి పని గురించే రాస్తున్నాను.

అరీనా అనగానే ఎవరైనా అడిగేది ఎన్ని సీట్లని. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 2023 డిసెంబరులో తెరిచిన ఎస్‌కేఏ అరీనాలో హాకీకే 21 వేలకు పైగా ఉన్నాయి. నువ్వు మాత్రం ఆ లెక్క చివర్లో చూడు. ముందు పునాది, పైకప్పు, ఐస్ కింద పొరలు.

సైబీరియాలోని ఓమ్స్క్ సంగతి తెలుసుకుని మరీ రా. ఆ ఊరి హాకీ జట్టు అవాన్‌గార్డ్ కోసం 2007లో పదివేల పైచిలుకు సీట్లతో అక్కడ అరీనా కట్టారు. 2018లో కట్టడం ప్రమాదకరంగా ఉందని మూసేసి, తర్వాత కూల్చేశారు. పదకొండేళ్లు! మన ఊళ్లో గొడ్ల పాకలు కూడా అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. జట్టు రెండు వేల కిలోమీటర్ల అవతల, మాస్కో పక్కనున్న బలాషిఖాకు వెళ్లి నాలుగు సీజన్లు ఆడింది. 2021లో గగారిన్ కప్, అంటే అక్కడి పెద్ద హాకీ లీగ్ ట్రోఫీ, గెలిచిందీ అలా పరాయి ఊళ్లో ఉండగానే. పాత చోటే కట్టిన జీ-డ్రైవ్ అరీనా 2022లో గానీ తెరుచుకోలేదు. అందుకే మట్టి పరీక్ష రిపోర్టు, పైల్స్ (పునాది కోసం నేలలోకి దించే స్తంభాలు) బరువు మోస్తాయో లేదో చూసే లోడ్ టెస్ట్ కాగితాలు కళ్లారా చూడకుండా దేని మీదా సంతకం పెట్టకు. కుంగుదల కొలిచే గుర్తులు మొదటి రోజు నుంచే పెట్టించు. ప్రారంభోత్సవం అయ్యాక కూడా ఆ రీడింగులు ఎవరు తీస్తారో రాతపూర్వకంగా తేల్చుకో. ఓపెనింగ్ తేదీ కోసం పెద్దలు తొందరపెడతారు. పెట్టనీ.

పాతది కూల్చి కొత్తది కట్టే పనైతే ఇంకో జాగ్రత్త. ఎస్‌కేఏ అరీనా ఉన్న చోట ఇంతకుముందు పెద్ద గుండ్రటి స్టేడియం ఉండేది. 2020 జనవరి 31న దాని పైకప్పు కోస్తుండగా మొత్తం కూలి ఒక కార్మికుడు చనిపోయాడు. పైకప్పును పట్టి ఉంచే వాటిలో ఏది ముందు తెంపాలి, ఏది తర్వాత అన్న వరస డిజైన్ ఇంజనీరు రాసివ్వాల్సిందే.

ఇక నా సొంత విషయం, కూలింగ్‌కి వస్తాను. చలి దేశం కదా, ఐస్‌కి ఖర్చేముంటుందని అనుకుంటారు. సీజన్ మొదలయ్యేది సెప్టెంబరులో, అంటే ఐస్ పరిచేది ఎండాకాలంలోనే. సైబీరియాలో కూడా అప్పుడు 30 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సోచి అయితే సముద్రం పక్కనే, ఉక్కపోత. పైగా ప్రేక్షకుడు ఒక్కొక్కరూ దాదాపు 100 వాట్ల వేడి ఇస్తారు, ఊపిరితో తేమ కూడా. ఛిల్లర్లకు, అంటే ఐస్‌ను చల్లబరిచే యంత్రాలకు, డబ్బు ఇచ్చే వాళ్లు గాలిలో తేమ లాగే యంత్రాల దగ్గర పిసినారితనం చేస్తారు. అక్కడ తగ్గించావంటే ఐస్ మీద పొగమంచు కమ్ముతుంది, పైకప్పు నుంచి చుక్కలు పడి గడ్డకడతాయి.

ఐస్ మందం మామూలుగా నాలుగు సెంటీమీటర్లకు మించదు, అసలు కథంతా దాని కింద. చల్లటి ద్రవం తిరిగే పైపులున్న కాంక్రీట్ స్లాబ్‌ను జాయింట్లు లేకుండా ఒకే విడతలో పొయ్యాలి. పోసేటప్పుడు పైపుల్లో ప్రెషర్ ఉంచు, గేజ్ దగ్గర నమ్మకమైన మనిషిని కూర్చోబెట్టు. ఇన్సులేషన్ కింద నేలను వెచ్చగా ఉంచే పైపులు కూడా వెయ్యాలి. ఐస్ కింద వేడి ఎందుకని అకౌంట్స్ వాళ్లు కొట్టేయబోతారు. అది లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ నేల గడ్డకట్టి ఉబ్బుతుంది, స్లాబ్ పగులుతుంది.

ఐస్ పొడవు 60 మీటర్లు. వెడల్పు మాత్రం 26, 28, 30లో ఏదో క్లబ్ చేత ముందే రాయించుకో. అది మారితే ఐస్ చుట్టూ ఉండే అడ్డుగోడలు, అంటే బోర్డులూ మారతాయి, ముందు వరసల వాళ్లకు ఆట కనిపించే తీరూ మారుతుంది.

టోర్నమెంట్ కోసం కడుతున్నాం అంటే కాస్త ఆలోచించు. 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్ పీటర్స్‌బర్గ్‌కీ, జూనియర్ల పోటీ ఓమ్స్క్, నొవొసిబిర్స్క్‌లకూ రావాల్సింది. ఉక్రెయిన్‌తో యుద్ధం మొదలయ్యాక రెండూ వేరే దేశాలకు పోయాయి. అరీనాలు మాత్రం మిగిలాయి, వాటిని నింపాల్సింది ఊళ్లో జనమే. జనవరిలో మామూలు మంగళవారం మ్యాచ్‌కు ఇంటి నుంచి బయల్దేరిన వాడు లోపలికి ఎలా చేరతాడో చూడు. నొవొసిబిర్స్క్‌లో అరీనా 2023లో తెరిచేశారు గానీ, పక్కనే రావాల్సిన మెట్రో స్టేషన్ అప్పటికి సిద్ధం కాలేదు.

చేరాక కంపెనీ ఒప్పుకుంటే స్లాబ్ పైపుల డ్రాయింగ్ నాకు పంపు, చూసి చెప్తాను. రష్యన్‌లో ఉన్నా పర్లేదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య